ఇసుక ట్రేనా, బొమ్మలు వేయించడమా?

మనసులోది మాటల్లో చెప్పలేని పిల్లలకు థెరపిస్టులు రెండూ వాడతారు. ఇసుక ట్రే పద్ధతిని 1920ల చివర్లో లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టర్ మొదలుపెట్టారు. ఇసుక, కాస్త నీళ్లు, బుల్లి మనుషులు, జంతువులు, ఇళ్లు. వాటితో పిల్లలు తమ లోకాన్ని తామే పేర్చుకుంటారు. పులిని పాతిపెట్టొచ్చు, మళ్లీ తవ్వి తీయొచ్చు, నచ్చకపోతే అంతా చెరిపేయొచ్చు. 'నాకు బొమ్మలు వేయడం రాదు' అనే టెన్షన్ లేదు. ఐదారేళ్ల వాళ్లకైతే నా ఓటు దీనికే.

బొమ్మలు వేయిస్తే ఖర్చు తక్కువ, వేసిన బొమ్మ కాగితం మీద అలాగే ఉండిపోతుంది. నెల తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడొచ్చు. కాకపోతే బడికెళ్లే పిల్లలు మార్కుల కోసం వేసినట్టు వేస్తారు. మనం 'ఎంత బాగా వేశావో!' అంటే ఇంకా బిగుసుకుపోతారు. నల్లరంగు వాడగానే దిగులని తేల్చేయకూడదు. చేతికందిన క్రేయాన్ అదే కావచ్చు.