నాలుగేళ్లుగా రాత్రి తొమ్మిదింటికి ఒక్కో చుక్క

నేను వాడుతున్నది కంటి ప్రెషర్ తగ్గించే లాటానోప్రోస్ట్ 0.005 శాతం కంటి చుక్కలు. 2.5 మి.లీ. చిన్న సీసా. రోజూ రాత్రి రెండు కళ్లలో ఒక్కో చుక్క. 2021 ఆగస్టులో మొదలుపెట్టాను. కల్వకుర్తిలో మాకు కిరాణా కొట్టు ఉంది. కంటి ప్రెషర్ అని తెలిసి భయపడుతూ వచ్చి "నీకు ఎట్లుందక్కా?" అని అడిగేవాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అసలు నేను మహబూబ్‌నగర్ కంటి ఆస్పత్రికి పోయింది చత్వారం అద్దాల కోసం. పప్పు ప్యాకెట్ మీద తేదీ చదవాలంటే చెయ్యి చాచి పట్టుకోవాల్సి వచ్చేది, అంతే. నొప్పి లేదు, ఎరుపు లేదు. దూరం చార్టులో చివరి వరుస కూడా చదివేశాను. నంబర్ రాసిచ్చి పంపిస్తారనుకుంటే, గడ్డం ఆనించమని కళ్లలోకి గాలి ఊదే మెషిన్‌తో చూశారు. కంటి లోపలి ప్రెషర్ కుడి కన్ను 27, ఎడమ 25. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉంటుందట. "నాకు బీపీ లేదు కదా మేడమ్" అన్నాను. బీపీ వేరు, ఇది వేరు అని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. కంటి లోపల నీరు ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది, జల్లెడలాంటి సన్నని దారిలోంచి బయటికి పోతూ ఉంటుంది. ఆ దారి సరిగ్గా వదలకపోతే లోపల ఒత్తిడి పెరిగి, వెనకాల నరం మెల్లగా దెబ్బతింటుంది. అదే గ్లకోమా, మన పెద్దవాళ్లు నీటికాసులు అనేది.

తర్వాత కన్ను మొద్దుబారే చుక్క వేసి, పసుపు మందు అద్ది, నీలం లైటులో చిన్న మొన కంటికి ఆనించి మళ్లీ కొలిచారు. 26, 24. నల్లగుడ్డు మీది పొర మందం కూడా చూశారు. అది పల్చగా ఉంటే అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుందట. ఇక ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టుపక్కల ఎంత మేర కనిపిస్తుందో చూసే పరీక్ష. ఒక కన్ను మూసి, తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ కూర్చోవాలి. చూపు నడిమి చుక్క మీదే ఉంచి, పక్కన ఎక్కడ వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. కాగితం వచ్చాక చూస్తే కుడి కంటికి ముక్కువైపు, పైన, ఒక నల్ల మచ్చ. అంత మేర నాకు చూపు లేదని అప్పటిదాకా తెలియనే తెలియదు. ఆ లోటును రెండో కన్ను కప్పేస్తూ వచ్చింది.

ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారు. మా నాయిన గుర్తొచ్చాడు. ఎదురుగా నిలబడితే మనిషిని గుర్తుపట్టేవాడు, పక్కనే ఉన్న నీళ్ల చెంబును మాత్రం తన్నేవాడు. చివరి ఏళ్లల్లో గోడ పట్టుకునే నడిచాడు. ముసలితనం అనుకున్నాం, శుక్లం అనుకున్నాం. ఒక్కరమూ కంటి ప్రెషర్ చూపించలేదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

చుక్కలు మొదలుపెట్టిన ఆరు వారాలకు 17, 16కు దిగింది. అప్పటినుంచి, ఒక్కసారి తప్ప, 18 దాటలేదు. ఏడాదికోసారి ఫీల్డ్ టెస్ట్ చేస్తారు, ఆ మచ్చ పెరగలేదు. తగ్గలేదు కూడా. పోయిన చూపు తిరిగి రాదని మొదటి రోజే చెప్పారు.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదట్లో మూడు వారాలు కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెప్పవెంట్రుకలు పొడుగయ్యాయి, కళ్ల కింద కొంచెం నలుపు వచ్చింది. చెంప మీదికి కారిన మందును వెంటనే దూదితో తుడవడం నేర్చుకున్నాను. అన్నిటికన్నా కష్టం చుక్క వేసుకోవడమే. గట్టిగా నొక్కితే మూడు చుక్కలు పడేవి, నెల రావాల్సిన సీసా ఇరవై రోజులకే అయిపోయేది. ఇప్పుడు కొట్టు షట్టర్ దించి, చేతులు కడుక్కుని, మంచం మీద వెల్లకిలా పడుకుంటాను. కింది రెప్పను వేలితో లాగితే చిన్న సంచిలా అవుతుంది, అందులో ఒక్క చుక్క. సీసా మొన కంటికి తగలకూడదు. మెల్లగా కళ్లు మూసి, ముక్కు పక్కన కంటి మూల రెండు నిమిషాలు వేలితో అదిమి పడతాను. లేకపోతే మందు గొంతులోకి దిగి చేదు తెలుస్తుంది.

మూత తీయని సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన పాలమూరు ఎండాకాలం 40 దాటుతుంది. ఒకసారి మే నెలలో ఒక మందుల షాపులో మామూలు అరలోంచి తీసి ఇచ్చారు. ఫ్రిజ్‌లో పెట్టలేదని చెప్పి, వద్దని వచ్చేశాను. మా కొట్టు ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన చిన్న స్టీల్ డబ్బా దీనికోసమే పెట్టాను. మూత తీసిన తేదీ బాల్‌పెన్నుతో సీసా మీద రాసుకుంటాను. నాలుగు వారాలు దాటితే మిగిలినా పారేస్తాను.

ఆ ఒక్కసారి సంగతి కూడా చెప్పాలి. 2023లో మా అమ్మాయి పెళ్లి. పనుల్లో పడి రెండు నెలలు చుక్కలు మానేశాను. కళ్లకు ఏ తేడా తెలియలేదు, చూపు బాగానే ఉంది, అందుకే భయం కూడా వేయలేదు. పోయి చూపిస్తే 25. ఎంత టెన్షన్ పడ్డానంటే, జడ్చర్ల మీదుగా బస్సులో వస్తున్నంతసేపూ ఒక కన్ను మూసి, రెండో కన్నుతో కిటికీ బయటికి చూసుకుంటూనే ఉన్నాను. మళ్లీ మొదలుపెట్టాక దిగింది, ఆ ఏడాది ఫీల్డ్ టెస్ట్‌లోనూ మచ్చ పెరగలేదు. అప్పటినుంచి పెళ్లికి పోయినా, తీర్థానికి పోయినా సీసా నాతోనే.

కండ్లకలక వచ్చిందని ఎవరో ఇచ్చిన చుక్కలు మాత్రం వేసుకోకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ప్రెషర్ పెరగొచ్చు. ఆయాసం (ఆస్తమా) ఉన్నవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. టిమోలాల్ అనే ఇంకో రకం ప్రెషర్ చుక్కలు వాళ్లకు పడవు. మా తమ్ముడికి ఆయాసం ఉంది కాబట్టి అతనికీ నా మందే రాశారు. అతన్ని పరీక్షకు తీసుకుపోవడానికి నాకు ఏడాది పట్టింది. "చూపు బాగానే ఉందిగా అక్కా" అనేవాడు. చూస్తే రెండు కళ్లూ 24, ఫీల్డ్‌లో ఇంకా మచ్చ లేదు. ఇప్పుడు ఆ స్టీల్ డబ్బాలో రెండు సీసాలు, ఎవరి పేరు వాళ్లది రాసి ఉన్నాయి.