ఇండోనేషియన్‌కి చేరొచ్చు, థాయ్‌కి ఆలోచించాలి: గుంటూరులో ఒక సెమిస్టర్ కోర్సు

బ్రాడీపేట వైపు ఒక డిగ్రీ కాలేజీలో నడుస్తున్న ఆగ్నేయాసియా భాషల పేపరు ఇది. 15 వారాలు, వారానికి 4 గంటలు. 8 వారాలు ఇండోనేషియన్, 4 థాయ్, మిగతా 3 అక్కడి సమాజాల గురించి. గుంటూరు మిర్చి ఆ దేశాలకీ పోతుంది కాబట్టి ఎగుమతి ఆఫీసుల కుర్రాళ్లు కూడా సాయంత్రం బ్యాచ్‌లో కూర్చుంటున్నారు.

ఇండోనేషియన్ పాఠాలు గట్టిగా ఉన్నాయి. మొదటి రోజే ‘సి’ అక్షరం ఎక్కడ కనిపించినా ‘చ’ అనిపిస్తారు. లేకపోతే మిరపకాయ ‘చబై’ కాస్తా ‘కబై’ అయిపోతుంది. ‘కిత’, ‘కామి’ తేడా చెప్పక్కర్లేదు, మన ‘మనం’, ‘మేము’ అవే. చిక్కంతా క్రియల్లో. ముందు ‘మె’ చేరితే క, త, పలతో మొదలయ్యే ధాతువుల్లో ఆ హల్లు పోయి దాని వర్గంలోని అనునాసికం వస్తుంది. రాయడం ‘తులిస్’, అది ‘మెనులిస్’ అవుతుంది. పంపడం ‘కిరిమ్’, అది ‘మెఙిరిమ్’. స పోతే ఞ వస్తుంది. బ, ద, గ మాత్రం కదలవు: కొనడం ‘బెలి’, ‘మెంబెలి’. ఇది తెలియనివాళ్లు నిఘంటువులో ‘మ’ దగ్గర వెతుకుతారు, మాట ‘త’ కింద ఉంటుంది. మన వర్గాక్షరాల పట్టిక బోర్డు మీద వేసి, ఒక్క క్లాసులో తేల్చేశారు. ఇంత శుభ్రంగా చెప్పడం అరుదు.

థాయ్ దగ్గర తేలిపోయింది. 44 హల్లులు, 5 టోన్లు (మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు) నాలుగు వారాల్లో ఎక్కవు. అక్షరాల వరస మనదిలాగే ఉండటంతో పిల్లలు ‘గ’ స్థానంలోని అక్షరాన్ని ‘గ’ అనే చదువుతారు. ఇప్పటి ఉచ్చారణ ‘ఖ’. పైగా థాయ్ హల్లులు ఎగువ, మధ్య, దిగువ అని మూడు తరగతులు, హల్లు ఏ తరగతిదో తెలియకుండా టోను తెలియదు. ఒకే టోన్ గుర్తు మధ్య తరగతి హల్లు మీద ఉంటే గొంతు కింద స్థాయిలో పలకాలి, దిగువ తరగతి మీద ఉంటే పైనుంచి కిందికి జారాలి. ఇచ్చిన నోట్సేమో టోన్ గుర్తులు లేని రోమన్ లిపి! అందులో అన్నం, వార్త, తెలుపు మూడూ ఒకటే ‘ఖావ్’. అలా బట్టీపట్టింది తర్వాత దిద్దుకోవడం నరకం.

సమాజాల భాగం కోరంగి రేవు నుంచి రంగూన్ వెళ్లిన కూలీలతో మొదలై మలేషియా తోటల్లోని తెలుగువాళ్ల దాకా వెళ్తుంది, బాగుంది. అమరావతి శిల్పశైలి అక్కడి బుద్ధ విగ్రహాల మీద వేసిన ముద్రకి మాత్రం స్లైడ్లతో సరిపెట్టారు, మ్యూజియం బస్సు దూరంలోనే ఉండగా.

పరీక్షంతా రాతే, మౌఖికం లేదు. థాయ్ కోసమే చేరేవాళ్లు ఆడియో రికార్డింగులు, థాయ్ లిపిలో నోట్సు ఇస్తారో లేదో ఫీజు కట్టకముందే అడగండి.