డిపాజిట్‌కు సహకార బ్యాంకా, ప్రభుత్వ బ్యాంకా? ఏది మేలు?

మహారాష్ట్రలోని మా ధర్మాబాద్ మార్కెట్లో మిర్చి అమ్ముకుని వచ్చేవాళ్లు ఏటా అడుగుతారు: “అన్నా, ఈ పైసలు ఏ బ్యాంకులో వేద్దాం?” మొన్న అమ్మ పేరున డిపాజిట్ వేయాల్సి వచ్చి నేనూ అదే లెక్కలో పడ్డాను.

వడ్డీ చూస్తే మా ఊరి సహకార బ్యాంకే ఎక్కువిస్తుంది. మరాఠీ రాని పెద్దవాళ్లతో అక్కడివాళ్లు తెలుగులో మాట్లాడతారు, లోను తొందరగా తేలుతుంది. ప్రభుత్వ బ్యాంకులో లైనులో నిలబడాలి. కానీ నేను మొదట చూసేది వేరే: అందరూ ఒకేసారి వచ్చి అడిగితే డబ్బు ఇవ్వగలదా?

ఏ బ్యాంకూ మన డబ్బును బీరువాలో దాచదు, ఏళ్ల తరబడి తీరే లోన్లుగా ఇస్తుంది. అడిగేవాళ్లు ఎక్కువైతే చేతిలోని ప్రభుత్వ బాండ్లు అమ్మాలి. వడ్డీ రేట్లు పెరిగిన రోజుల్లో కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తాయి కాబట్టి పాత బాండ్ల ధర పడిపోతుంది, ఆ నష్టం బ్యాంకు మూలధనాన్ని, అంటే దాని సొంత డబ్బును తినేస్తుంది. 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు బాండ్లు అమ్మి 180 కోట్ల డాలర్లు నష్టపోయామని చెప్పింది. మర్నాడు ఒక్కరోజే జనం 4,200 కోట్ల డాలర్లు వెనక్కి అడిగారు. బ్యాంకు మూతపడింది.

మా దగ్గర ఇంకో చిక్కుంది. చిన్న సహకార బ్యాంకులో డబ్బు వేసేదీ, లోను తీసుకునేదీ ఈ చుట్టుపక్కలవాళ్లే. పంట పోయిన ఏడు లోన్లు తిరిగి రావు, ఇంటి ఖర్చులకని డిపాజిట్లూ అప్పుడే తీసేస్తారు. ప్రభుత్వ బ్యాంకుకైతే ఇక్కడ తగ్గింది వేరే రాష్ట్రంలో పూడుతుంది. పైగా ఒత్తిడి వచ్చిన 30 రోజుల్లో బయటికి పోయే డబ్బుకు నూటికి నూరు శాతం సరిపడా, వెంటనే అమ్ముకోగల ఆస్తులు ఉంచుకోవాలని 2019 జనవరి నుంచి వాణిజ్య బ్యాంకులకు రిజర్వు బ్యాంకు నియమం ఉంది. సహకార బ్యాంకులకు అది లేదు, సీఆర్‌ఆర్ (డిపాజిట్లలో కొంత నగదుగా పక్కన ఉంచడం), ఎస్‌ఎల్‌ఆర్ (కొంత ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలో ఉంచడం) మాత్రమే ఉన్నాయి.

2019 సెప్టెంబరులో ముంబైలోని పీఎంసీ (పంజాబ్ అండ్ మహారాష్ట్ర) సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు ఖాతాదారులను మొదట ఆరు నెలలకు వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. 2020 మార్చిలో యెస్ బ్యాంకుకూ పరిమితి పెట్టారు, కానీ ఎస్‌బీఐ ముందుకొచ్చి ఆదుకోవడంతో అది రెండు వారాల్లోపే ఎత్తేశారు. ప్రైవేటుదైనా పెద్ద బ్యాంకు కాబట్టి ఆదుకునేవాళ్లు దొరికారు.

అందుకే అమ్మ డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వ బ్యాంకులో వేశాను. సహకార బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షలు దాటనివ్వలేదు, బ్యాంకు మునిగితే వచ్చే డిపాజిట్ బీమా అంతవరకే. ఆంక్షలు పడితే 90 రోజుల్లో బీమా డబ్బు ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు, కానీ అమ్మ మందులు అన్నాళ్లు ఆగవు. అందుకే మందుల డబ్బు అక్కడ పెట్టలేదు.

పతసంస్థలకు, అంటే బ్యాంకులు కాని సహకార పొదుపు-అప్పుల సంఘాలకు ఈ బీమా లేదు, నేను వాటి జోలికి పోను. పోస్టాఫీసుకు కేంద్రం హామీ ఉంది, నిశ్చింత కావాలంటే అదీ మంచిదే.

సహకార బ్యాంకులోనే వేస్తానంటే దాని వార్షిక నివేదిక అడగండి. మొదటి 20 మంది పెద్ద డిపాజిటర్ల వాటా ఎంతో చూడండి. అది ఎక్కువగా ఉంటే, వాళ్లలో ఇద్దరు ముగ్గురు డబ్బు తీసుకుపోయినా మీకు ఇవ్వడానికి బ్యాంకు తడుముకోవాల్సి వస్తుంది.