తిరపతి రుయా ఆసుపత్రి దగ్గర మెడికల్ షాపు: చీటీ లేకుంటే మాత్ర లేదంతే

ఈ షాపుకి నేను పోవడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. అంతకుముందు మా వీధి చివర ఇంకోచోట తీసుకునేవాళ్ళం, అక్కడి పిల్లోడు అమ్మ కీళ్లవాతం మాత్ర మెథోట్రెక్సేట్ కవర్ మీద "రోజుకి 1" అని రాసిచ్చేసినాడు, డాక్టర్ చీటీలో ఏమో వారానికి ఒకటి అని ఉంది! అదృష్టం బాగుండి వేసుకోకముందే వేరే మందు కోసం ఇక్కడికొస్తే ఫార్మసిస్ట్ మేడమ్ కవర్ చూసి ఆపేసింది. అమ్మా, ఇది రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోతాయి, ప్రాణానికే ముప్పు అని చెప్పి, వారంలో ఏ రోజు వేసుకోవాలో అమ్మతోనే చెప్పించుకుని కవర్ మీద పెద్దగా "సోమవారం మాత్రమే" అని రాసింది.

స్ట్రిక్ట్ మాత్రం మామూలుగా కాదు. మొన్న జలుబుకి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ అడిగితే చీటీ లేనిదే ఇవ్వనంటే ఇవ్వననింది, నాకు కోపమొచ్చిన మాట నిజమే. అది షెడ్యూల్ హెచ్1 మందంట, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన లిస్టులోదంట, 2014 మార్చి నుంచి రూలు, డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చినారో రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్ళు పెట్టుకోవాలంట. స్ట్రిప్ మీద ఎర్ర గీతల బాక్స్ చూపించింది, ఇన్నేళ్ళూ నేను గమనించనే లేదు. అయినా జలుబుకి యాంటీబయాటిక్ ఎందుకన్నా అని నవ్వింది.

ఇన్సులిన్ ఐస్ ప్యాక్‌లో పెట్టిస్తారు, మన తిరపతి ఎండకి అది చాలా అవసరం.

సాయంత్రం బండి పెట్టుకునే చోటుండదు, డిస్కౌంట్ కూడా తక్కువే. 4 స్టార్లు.