జెఫ్రీ బావా గదుల్లో మూడు మజిలీలు: మన పడకగదికి పనికొచ్చేవేవి?

ట్రాపికల్ పడకగది అనగానే చాలామంది ఆకుల బొమ్మలున్న వాల్‌పేపర్ కోసం వెతుకుతారు. ఆ మోజుకు పెద్ద పేరు తెచ్చింది ‘మార్టినీక్’ అనే అరటాకుల వాల్‌పేపర్. అది వెలిగింది కాలిఫోర్నియాలో, బెవర్లీ హిల్స్ హోటల్ గోడల మీద. అక్కడ ఉక్కపోతా లేదు, వర్షాకాలపు బూజూ లేదు. ఏడాది పొడుగునా చెమటలు పట్టే చోట పడకగదిని ఎలా అమరుస్తారో చూడాలంటే శ్రీలంక వెళ్ళాలి. అక్కడ వాస్తుశిల్పి జెఫ్రీ బావా (1919–2003) కట్టిన ఇళ్ళలో, హోటళ్ళలో రాత్రిళ్ళు ఉండే వీలుంది. పడకగది విషయంలో బాగా అక్కరకొచ్చేవి మూడు: కొలంబోలో నంబర్ 11 అనే ఇల్లు, బెంతోట దగ్గర లునుగంగ అనే తోట, దంబుల్ల దగ్గర కండలమ హోటల్.

కొలంబో, బెంతోట ఉన్న నైరుతి తీరానికి డిసెంబర్ నుంచి మార్చి దాకా మంచి కాలమని అందరూ చెప్తారు, సెలవులకైతే అదే నిజం. గది ఎలా పనిచేస్తుందో చూడ్డానికే వెళ్ళేవాళ్ళకు మాత్రం ఏప్రిల్ నయం. ఉక్క పతాకస్థాయిలో ఉంటుంది, మధ్యాహ్నాలు ఉరుముల వానలు పడతాయి. గాలి ఆడే గది ఏదో, ఆడని గది ఏదో ఒక్క రాత్రిలో తేలిపోతుంది. గదిలో దిగగానే మూడు పనులు చేయండి. అలమర తలుపు తీసి వాసన చూడండి. దిండు గలీబు లోపలికి చెయ్యి పెట్టి చెమ్మ ఉందేమో చూడండి. ఏసీ ఉంటే ఆపి, కాసేపు ఫ్యాన్ వేసి, ఆ తర్వాత కిటికీలు తెరిచి గంటసేపు పడుకోండి. ఫొటోల్లో ఎంత బాగున్నా ఈ మూడింట్లో తప్పిన గదిని నమూనాగా తీసుకోవద్దు.

ముందు కొలంబో. 33వ లేన్‌లోని నంబర్ 11 బావా సొంత ఇల్లు. వరసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్ళను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ ఒకే ఇల్లుగా మలిచాడు. ముందుగా చెప్పి వెళ్తే ఇల్లు తిప్పి చూపిస్తారు, పైభాగంలో బస కూడా ఇస్తారు. ఇది హోటల్ కాదు, ఇల్లు. అడిగిందల్లా క్షణంలో తెచ్చిపెట్టే సేవ ఆశించి వెళ్తే నిరాశే. మెట్లెక్కలేని పెద్దవాళ్ళకు కష్టం.

ఇక్కడ చూడాల్సింది తెలుపు. గోడలు తెలుపు, నేల తెలుపు, నడుమ పైకప్పు లేని చిన్న చిన్న మండువాలు. వాటిలోంచి దిగే వెలుగులో ఒక్క మొక్క ఉన్నా అదే బొమ్మలా కనిపిస్తుంది. ఆస్ట్రేలియా చిత్రకారుడు డొనాల్డ్ ఫ్రెండ్ రంగులద్దిన తలుపులు అంత కొట్టొచ్చినట్టు కనబడడానికి కారణం, చుట్టూ వాటితో పోటీపడేది ఏదీ లేకపోవడమే. ఇంటికి తెచ్చుకోవాల్సింది ఈ పొదుపే. మంచి బట్ట ఒకటి, ముదురు రంగు చెక్క ఒకటి, పెద్ద మొక్క ఒకటి; మిగతాదంతా తెలుపు.

ఆ మెత్తటి తెలుపు కోసం గోడకు వెల్ల వేయొచ్చు. నానిన సున్నాన్ని నీళ్ళతో పాలలా పల్చగా కలిపి, గోడను ముందు తడిపి, రోజుకొక పూత చొప్పున మూడు పూతలు. మొదటిది అడ్డంగా వేస్తే రెండోది నిలువుగా. తడిగా ఉన్నప్పుడు ఏమీ పట్టనట్టే కనిపిస్తుంది, ఆరాకే తెలుపు తేలుతుంది. అది తెలియక చిక్కగా కలిపినవాళ్ళ గోడలే పెచ్చులూడతాయి. చేతికీ బట్టకూ అంటకుండా కొంచెం జిగురు కలపాలి. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కళ్ళను కప్పే రక్షణ అద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. గోడకు ఇదివరకే ఎమల్షన్ పెయింటు ఉంటే దాని మీద వెల్ల నిలవదు. పూర్తిగా గీకించాలి, లేదా మెరుపు లేని తెల్ల పెయింటుతో సరిపెట్టుకోవాలి. కిటికీ బయట చెట్లుంటే నీలి ఛాయ తెలుపు ఎంచుకోవద్దు, ఆకుల వెలుగు పడి గోడ పాచిపట్టినట్టు కనిపిస్తుంది. రవంత పసుపు తగిలిన తెలుపు మేలు.

కొలంబో నుంచి బెంతోటకు తీరం వెంట రైలుంది. ఎక్స్‌ప్రెస్‌లు ఆగేది పక్కనే ఉన్న అలుత్‌గమలో. వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది.

లునుగంగ అంటే సింహళంలో ఉప్పు నది. దెద్దువ సరస్సు ఒడ్డున ఒకప్పుడు రబ్బరు తోట ఇది. బావా 1948లో కొని, పోయేదాకా దీన్ని చెక్కుతూనే ఉన్నాడు. మూడింటిలో ఒక్కదానికే సమయం ఉంటే ఇక్కడికే వెళ్ళండి. పగలు తోట చూడ్డానికి సందర్శకులు వస్తారు కాబట్టి ఏకాంతం పొద్దుటిపూట, సాయంత్రం పూటే. చీకటి పడ్డాక దారులు ఎగుడుదిగుడు, టార్చ్ ఉండాలి. పురుగూ పుట్రా పడనివాళ్ళు వెళ్ళకపోవడమే మంచిది, తోటే ఇల్లయిన చోట అవి ఉంటాయి.

ఇక్కడ అర్థమయ్యేది, గదికి అలంకారం గాలేనని. ఒక కిటికీ ఎంత పెద్దదైనా గాలి ఆడదు. వచ్చిన గాలి పోవడానికి ఎదుటి గోడలోనో, పక్క గోడలోనో ఇంకో దారి కావాలి. ఇంట్లో రెండో కిటికీ లేకపోతే తలుపు పైన జాలీ పెట్టించినా తేడా తెలుస్తుంది. మంచాన్ని ఆ రెండింటి మధ్య దారిలో వేయాలి, మూలకు తోయకూడదు. కర్టెన్లు నేలదాకా వేలాడే మందపు గుడ్డ కాకుండా పల్చటి నూలుదైతే గాలికి లేస్తాయి.

ట్రాపికల్ గదిలో ఎక్కువమంది పొరబడేది దోమతెర దగ్గర. గుండ్రటి రింగు నుంచి గుడారంలా దిగే తెర ఫొటోకు అందంగా ఉంటుంది. కానీ కింద అది లోపలికి వాలుతుంది, నిద్రలో మోచెయ్యో మోకాలో దానికి ఆనుకుంటుంది, దోమ బయటి నుంచే కుడుతుంది. నాలుగు మూలలున్న చట్రానికి వేలాడే తెరే సరైనది. 6 అడుగుల వెడల్పు, 6½ అడుగుల పొడవు మంచానికి చుట్టుకొలత 25 అడుగులు. కుచ్చులకు పావు వంతు కలిపితే దాదాపు 31 అడుగుల గుడ్డ కావాలి. తెరిచే చోట రెండు అంచులూ కనీసం 2 అడుగులు ఒకదాని మీద ఒకటి పడాలి, లేకపోతే సందు పడుతుంది. అల్లిక చదరపు అంగుళానికి 156 కన్నాలుంటే దోమ దూరదు, గాలి ఆడుతుంది. ఇంకా సన్నటి అల్లికైతే గాలి తగ్గుతుంది. పైభాగం గుడ్డతో కుట్టినది కొనకండి, సీలింగ్ ఫ్యాన్ గాలి అక్కడే ఆగిపోతుంది.

ఫ్యాన్ లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. రెక్కలు నేలకు 7 అడుగుల పైన ఉండడం తప్పనిసరి, 8 నుంచి 9 అడుగుల మధ్య ఉంటే గాలి బాగా తగులుతుంది. స్లాబుకు మరీ దగ్గరగా బిగిస్తే పైనుంచి లాగడానికి గాలే ఉండదు, కనీసం అడుగు వదలాలి. కాబట్టి 10 అడుగుల ఎత్తున్న గదిలో 7 అడుగుల పందిరి మంచం పడుతుంది. 9 అడుగుల గదిలో అదే మంచం వేస్తే రెక్కలకూ తెరకూ మధ్య ఒక్క అడుగే మిగులుతుంది, తెర ఎగిరి చిక్కుకునే ప్రమాదముంది. అలాంటి గదిలో పందిరి ఎత్తు తగ్గించి, పక్క గోడకు ఫ్యాన్ పెట్టుకోండి.

కండలమ ఇంకో లోకం. 1994లో తెరిచిన ఈ హోటల్ కొండ అంచున దాదాపు కిలోమీటరు పొడవున సాగుతుంది. గదులు 152. ముందు చెరువు, దూరాన సిగిరియ శిల. గోడలను తీగలు కప్పేశాయి, బండరాళ్ళు నడవాల్లోకి చొచ్చుకొచ్చాయి. కొలంబో విమానాశ్రయం నుంచి కారులో సుమారు నాలుగు గంటలు. పెద్దవాళ్ళుంటే లాబీకి దగ్గరి గది కావాలని బుక్ చేసేటప్పుడే అడగాలి, లేకపోతే ప్రతి భోజనానికీ ఒక నడక. కోతులొస్తాయి, బాల్కనీ తలుపుకు గడియ పెట్టకుండా బయటికి వెళ్ళొద్దు. గదులు అద్దాలతో మూసి ఏసీ వేసినవి. అందుకే చూడ్డానికి మూడింటిలో ఇది మొదటిదైనా, పడకగదికి నమూనాగా మూడోది. నడవాలు మాత్రం నమూనాయే: తెరిచి ఉంటాయి, చల్లగా ఉంటాయి.

ఆ పచ్చదనం చూసి ఇంట్లో పది కుండీలు పెట్టేవాళ్ళున్నారు. కండలమలో తీగలున్నది గది బయట. లోపల ఒక్క పెద్ద అరెకా పామ్ చాలు, తూర్పు కిటికీ పక్కన. పైమట్టి అంగుళం మేర ఆరాకే నీళ్ళు. ఆకు కొసలు గోధుమరంగుకు తిరుగుతుంటే ఏసీ పొడి గాలి నేరుగా తగులుతోందనో, నీళ్ళలో లవణాలు ఎక్కువనో అనుమానించాలి. చీలికల పెద్దాకుల మాన్‌స్టెరా మొక్క అందమే గాని, నమిలితే పిల్లులకూ కుక్కలకూ పసిపిల్లలకూ నోరు మండుతుంది.

సామానులో వెదురుకూ పేముకూ తేడా తెలియాలి: వెదురు లోపల బోలు, పేము గట్టి. వెదురు కింద పిండిలాంటి పొడి రాలుతుంటే లోపల పురుగుంది, పైన వార్నిష్ పూసినా చావదు, కొనొద్దు. పేము అల్లిక కుర్చీ కుంగితే పారేయనక్కర్లేదు. తిరగేసి, అడుగువైపు వేడినీళ్ళలో ముంచిన గుడ్డను అరగంట కప్పి, రాత్రంతా నీడలో ఆరనివ్వండి. ఆరుతూ బిగుసుకుంటుంది. ఒక్క పోగు తెగి ఉన్నా ఇది పనిచేయదు.

ఏసీ గదిలో ఇలాంటి సామాను పెడితే గాలిలో తేమను కొలిచే హైగ్రోమీటర్ కూడా ఉంచండి. తేమ 60 శాతం దాటి నిలిచిందంటే అలమర వెనక బూజు మొదలవుతుంది. బయటి గోడకూ అలమరకూ మధ్య 2, 3 అంగుళాలు వదలండి. ఏసీ ఆపిన వెంటనే కిటికీలు బార్లా తెరవొద్దు, చల్లబడ్డ గోడ మీద బయటి తేమ చెమటలా పడుతుంది. ముందు ఫ్యాన్ వేసి గదిని కాస్త వెచ్చబడనివ్వాలి. ఇక కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళు రెండు రోజులకోసారి పారబోయండి. వారం పదిరోజులు వదిలేస్తే, తెర కట్టింది ఏ దోమల కోసమో అవి ఆ పళ్ళెంలోనే పుడతాయి.