గేమ్‌లో గెయిన్ తగ్గించాలా, వీల్‌లో బలం తగ్గించాలా?

కార్ రేసింగ్ గేమ్‌ల కోసం కొత్తగా స్టీరింగ్ వీల్ కొన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: ఫోర్స్ ఫీడ్‌బ్యాక్, అంటే కారు బలాలను వీల్‌లోని మోటారు చేతికి తెలియజేసే తీరు, మరీ బరువుగా అనిపిస్తే గేమ్ సెట్టింగుల్లో ఉండే గెయిన్ (గేమ్ పంపే సంకేతాన్ని పెంచే, తగ్గించే స్లైడరు) తగ్గించాలా, లేక వీల్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే బలాన్ని తగ్గించాలా? ఏ స్లైడరు జరిపినా చేతికి తెలిసే బరువు మారుతుంది కాబట్టి రెండూ ఒకటేనని చాలామంది నమ్ముతారు. పార్కింగ్ వేగంలోనూ, నెమ్మదైన మలుపుల్లోనూ అవి నిజంగానే ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది కారు గట్టిగా పట్టు తీసుకునే చోట, అంటే ఆ సమాచారం మనకు అత్యవసరమైన చోటే.

ఒక చిన్న లెక్క చూద్దాం. మొదటి పద్ధతిలో గేమ్ గెయిన్ 120, వీల్ బలం 50 శాతం. రెండో పద్ధతిలో గేమ్ గెయిన్ 60, వీల్ బలం 100 శాతం. గుణిస్తే రెండింటికీ 60 శాతమే వస్తుంది, కాబట్టి చిన్న బలాలు చేతికి సమానంగానే తెలుస్తాయి. అయితే గేమ్ పంపగల సంకేతానికి 100 అనే పైకప్పు ఉంది. మొదటి పద్ధతిలో కారు ముందు చక్రాల నుంచి వచ్చే అసలు బలం 83 దాటగానే సంకేతం ఆ కప్పును తాకి అక్కడే ఆగిపోతుంది. ఆపైన 90 వచ్చినా 130 వచ్చినా వీల్‌కు చేరేది ఒక్కటే. రెండో పద్ధతిలో 166 దాకా ప్రతి హెచ్చుతగ్గూ విడివిడిగా చేరుతుంది. మొదటి పద్ధతిలో సంకేతం ఇలా కప్పు దగ్గర తెగిపోవడాన్నే క్లిప్పింగ్ అంటారు. జాతరలో మైకు సెట్టు శబ్దాన్ని పూర్తిగా పెంచినప్పుడు పాట పగిలిపోయి మాటలు కలిసిపోవడం కూడా సరిగ్గా ఇలాంటిదే. గేమ్‌లో పోయిన తేడాను ఆ తర్వాత వీల్ సాఫ్ట్‌వేర్‌లో ఎంత సర్దినా తిరిగి తీసుకురాలేము.

నా దృష్టిలో ఈ పోలికను తేల్చేది క్లిప్పింగ్ ఒక్కటే, అది ఏ సమాచారాన్ని మింగేస్తుందో చూడండి. మలుపులో టైరు మీద పనిచేసే పక్కబలం, టైరు రోడ్డును తాకే భాగానికి సరిగ్గా మధ్యలో కాక కొంచెం వెనుకగా పనిచేస్తుంది. ఆ కొద్ది ఎడమే స్టీరింగును మళ్లీ నేరుగా తిప్పడానికి లాగుతూ ఉంటుంది. టైరు తన హద్దుకు దగ్గరయ్యే కొద్దీ ఆ ఎడం తగ్గిపోతుంది, అందువల్ల పట్టు పూర్తిగా జారిపోకముందే స్టీరింగు తేలికవుతుంది. మంచి డ్రైవరు అండర్‌స్టీర్‌ను, అంటే ముందు టైర్లు జారి కారు తగినంత తిరగకపోవడాన్ని, కంటితో కాక చేతితో ముందుగా పసిగట్టేది ఈ తేలికదనం వల్లనే.

అసెట్టో కోర్సా అనే రేసింగ్ గేమ్‌లో జీటీ3 తరగతి రేసు కారుతో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద పూఒన్ మలుపు తీసుకోండి. పల్లంలోకి దిగుతూ ఎడమకు తిరిగే ఆ పొడవైన మలుపులో వేగం ఎక్కువ, ముందు టైర్ల మీద భారం చాలాసేపు నిలిచి ఉంటుంది. గెయిన్ ఎక్కువగా ఉంటే వీల్ మలుపంతా ఒకే బరువుతో రాయిలా బిగుసుకుని ఉంటుంది. అసలు బలం 130 నుంచి 105కు పడిపోయినా చేతికి ఏమీ తెలియదు, కారు బయటి అంచు వైపు జారడం కళ్లకు కనిపించాకే తెలుస్తుంది. గెయిన్ తగ్గించి అదే మలుపు తీసుకుంటే, రెండో భాగంలో బరువు ఎక్కడ సడలిందో స్పష్టంగా అందుతుంది, యాక్సిలరేటరును ఆ క్షణంలోనే కొంచెం వదలవచ్చు.

క్లిప్ అవుతోందో లేదో ఊహించుకోనక్కరలేదు. అసెట్టో కోర్సాలో పెడల్స్ అనే చిన్న యాప్ తెరిస్తే పెడల్ పట్టీల పక్కనే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ పట్టీ బూడిద రంగులో కనిపిస్తుంది, సంకేతం కప్పును తాకితే ఎర్రబడుతుంది. కర్బ్ (ట్రాక్ అంచున ఉండే గట్టు) ఎక్కినప్పుడు ఒక్క క్షణం ఎర్రబడితే పట్టించుకోనవసరం లేదు. మలుపు మధ్యలో ఎర్రగానే నిలిచిపోతే మాత్రం గెయిన్ తగ్గించి తీరాలి.

లాజిటెక్ జీ29 లాంటి గేర్ల వీల్ ఉన్నవారికి నా సలహా సూటిగానే ఉంటుంది. ఆ మోటారు ఇచ్చే తిప్పుబలమే సుమారు 2 న్యూటన్ మీటర్లు, కాబట్టి వీల్ సాఫ్ట్‌వేర్‌లో బలాన్ని పూర్తిగా ఉంచి, సర్దుబాటు అంతా గేమ్ గెయిన్‌తోనే చేయాలి. దీనికి ఒక ఖరీదు ఉందని ఒప్పుకోవాలి: గెయిన్ తగ్గిన కొద్దీ చిన్న బలాలు గేర్ల రాపిడిని దాటలేక మధ్యలో వీల్ చచ్చుబడినట్టు ఉంటుంది. మినిమమ్ ఫోర్స్ అనే సెట్టింగు ఉన్నది ఇందుకే. నేరుగా వెళ్లే రోడ్డు మీద వీల్ అటూ ఇటూ వణకడం మొదలయ్యే దాకా దాన్ని కొద్దికొద్దిగా పెంచి, అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి రావాలి.

మోజా ఆర్5, ఫనాటెక్ సీఎస్‌ఎల్ డీడీ వంటి డైరెక్ట్ డ్రైవ్ బేస్‌లు, అంటే గేర్లు లేకుండా వీల్‌ను నేరుగా తిప్పే మోటారు పెట్టెలు, 5 న్యూటన్ మీటర్లు, అంతకు పైనే ఇస్తాయి. వీటిలో వీల్ బలాన్ని తగ్గించడంలో న్యాయం ఉంది, ఎందుకంటే గోడను గుద్దినప్పుడు వచ్చే కుదుపుకు గేమ్ గెయిన్ హద్దు పెట్టదు, బేస్‌లో పెట్టిన హద్దే మణికట్టును, బొటనవేలిని కాపాడుతుంది. అయినా క్రమం మారకూడదు: ముందు గేమ్‌లో క్లిప్ కాని గెయిన్ కుదుర్చుకోవాలి, ఆ తర్వాతే చేతికి హాయిగా ఉండే బరువును బేస్‌లో ఎంచుకోవాలి. ముందుగా బేస్‌ను 40కి దించి, ఆ లోటు తీర్చడానికి గేమ్‌లో గెయిన్ పెంచుతూ పోతే, అంత డబ్బు పెట్టి కొన్న మోటారుకు తెగిపోయిన సంకేతమే అందుతుంది.

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కర్బ్, రోడ్డు ఎఫెక్టులు సున్నా దగ్గరే బాగుంటాయి, అవి అసలు బలానికి పైన చల్లే అదనపు కంపనం మాత్రమే. సంకేతాన్ని నునుపు చేసే ఫిల్టరు వీలైనంత తక్కువ ఉంచండి. అండర్‌స్టీర్ అనుభూతిని పెంచే ఎంపిక వద్దు. ఐరేసింగ్ అనే మరో రేసింగ్ గేమ్ ఆడేవారు కొన్ని ల్యాపులు తిరిగి ఆటో బటన్ నొక్కితే ఆ కారుకు తగిన బలం దానంతటదే కుదురుతుంది, చాలామందికి అది సరిపోతుంది.

కారు మారినప్పుడు గెయిన్ మళ్లీ చూసుకోవాలి. పవర్ స్టీరింగ్ లేని ఫెరారీ ఎఫ్40కి సరిపోయిన విలువ జీటీ3 కారుకు సరిపోతుందన్న హామీ లేదు. అసెట్టో కోర్సాలో డ్రైవ్ చేస్తూనే నంబర్ ప్యాడ్ మీద ప్లస్, మైనస్ కీలతో ఆ ఒక్క కారుకే బలాన్ని మార్చుకోవచ్చు, అసలు గెయిన్ కదలదు.