రెండు పంచాంగాల కార్తీకం, మీల్ మేకర్, ఫ్రీజర్ నగ్గెట్లు

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. ఎండు మీల్ మేకర్‌కి మా వంటింట్లో ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది. ఫ్రీజర్ పెట్టెల్లో అమ్మే మొక్కల మాంసం, అంటే నగ్గెట్లు, కబాబులు, కీమా లాంటివి పిల్లల సరదాకి సరే. ఆరోగ్యం కోసమని మాత్రం నేను కొనను.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. కార్తీకంలో మాకు రెండు పంచాంగాలు. ఒడియా వాళ్ల నెల పున్నమితో అయిపోతుంది, మనది అప్పటికి సగమే. అటు పక్కింటి వాళ్ల మర్యాద, ఇటు మా అత్తగారి నియమం కలిపితే దాదాపు నెలన్నర ఇంట్లో నీసు ఉండదు. వాళ్ల ఆఖరి అయిదు రోజుల పంచుకలో కొంగ కూడా చేపను ముట్టదంటారు. పున్నమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి, అంటే వాళ్లు మళ్లీ నీసు మొదలుపెట్టే రోజు. ఆ పొద్దున మటన్ కొట్ల ముందు జనాన్ని చూస్తే నెలంతా ఎంత బిగపట్టుకున్నారో తెలుస్తుంది. ఆ నెలన్నరలోనే ఈ సరుకంతా మా ఇంటికి అలవాటైంది.

మీల్ మేకర్‌ని ఇక్కడి కిరాణా కొట్లో సోయా బడి అని అడగాలి. నూనె తీసేసిన సోయా పిండిని తడిపి, వేడిలో, ఒత్తిడిలో యంత్రంలోంచి జంతికల్లా నెడితే బయటికొస్తూనే పొంగి గుల్లబారుతుంది. చాలామందికి ఇది నచ్చకపోవడానికి కారణం సరుకు కాదు, వండే తీరు. ఉప్పు నీళ్లలో అయిదారు నిమిషాలు ఉడకనిచ్చి, ఆ నురగ నీళ్లు పారబోసి, చల్లనీళ్లలో వేసి రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండాలి. పసుపుపచ్చటి నీళ్లు కారతాయి. మళ్లీ కడిగి మళ్లీ పిండాలి. ఆ పచ్చి సోయా వాసన పోయేది రెండో పిండుడులోనే. ఆ తర్వాత అల్లం వెల్లుల్లి వేసిన మసాలాలో పడేస్తే స్పాంజిలా పులుసంతా పీల్చుకుంటుంది. కార్తీకంలో వెల్లుల్లి కూడా లేదు కాబట్టి జీలకర్ర, ధనియాలు, మిరియాలతో సరిపెట్టుకుంటాం. నిజం చెప్పాలంటే రుచి సగం తగ్గుతుంది.

ప్యాకెట్ మీద 100 గ్రాములకు 52 గ్రాముల ప్రోటీన్ అని ఉంటుంది. కోడిమాంసం కంటే రెట్టింపు అని దీన్ని చూసే మురిసిపోతారు. అది ఎండు బరువు లెక్క. నానితే రెండు మూడింతలు బరువెక్కుతుంది. ఒక మనిషి కూరలో తినేది పాతిక, ముప్పై గ్రాముల ఎండు బడి, అంటే 13 నుంచి 15 గ్రాముల ప్రోటీన్. అయినా అది చిన్న మాటేం కాదు. కొవ్వు దాదాపు లేదు, పీచు బాగా ఉంది, ఉప్పు మనం వేసుకున్నంతే. ఈ చివరిది మా ఆయన బీపీకి చాలా ముఖ్యం. అలవాటు లేని కడుపుకి మొదట్లో గ్యాస్ చేస్తుంది, కొంచెంతో మొదలుపెట్టాలి.

ఇక ఫ్రీజర్ సరుకు. కొన్ని బరంపురంలోనే దొరుకుతాయి, కొన్ని విశాఖ నుంచి వచ్చే చుట్టాలు తెస్తారు. ఒకసారి ఇక్కడ కొన్న ప్యాకెట్ విప్పితే లోపల మంచు గడ్డకట్టి ముక్కలన్నీ ఒకే ముద్దగా ఉన్నాయి. దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిన సరుకది. బాగున్న ప్యాకెట్ల రుచికి మాత్రం వంక పెట్టలేను. నగ్గెట్లు వేగుతుంటే మా అత్తగారు గుమ్మం దగ్గర ఆగి, "ఏటమ్మా ఇది, నీసు వాసనొస్తంది! కార్తీకంలో ఇదేటి?" అన్నారు. కంపెనీ వాళ్లకి ఇంతకు మించిన సర్టిఫికెట్ ఏముంటుంది?

వెనక వైపు చదివితే ఉత్సాహం తగ్గుతుంది. నేను వాడిన ఒక రకంలో 100 గ్రాములకు 500 మిల్లీగ్రాముల పైన సోడియం ఉంది, అంటే గ్రాముంపావు ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పే హద్దు 5 గ్రాముల లోపు. పక్కన ఆవకాయ, అప్పడం లేకుండా అన్నం తినే ఇల్లు బరంపురంలో ఉందా? పైగా చాలా రకాలు నూనెలో వేయించాల్సినవే. విటమిన్ బీ12 విడిగా కలిపితే తప్ప ఉండదు.

వీటిని వెనకేసుకొచ్చేవాళ్లు 2020లో స్టాన్‌ఫోర్డ్‌లో జరిగిన ప్రయోగం చూపిస్తారు. 36 మంది ఎనిమిది వారాలు మాంసం, ఎనిమిది వారాలు మొక్కల మాంసం తిన్నారు. మొక్కల మాంసం తిన్నప్పుడు చెడ్డ కొలెస్ట్రాల్, బరువు కొంచెం తగ్గాయి. దానికి డబ్బిచ్చింది ఆ సరుకు చేసే బియాండ్ మీట్ కంపెనీయే, అయినా ఫలితాన్ని నేను కొట్టిపారేయను. కానీ అక్కడ కంచంలోంచి తీసేసింది మాంసాన్ని. మా ఇంట్లో నగ్గెట్లు వచ్చిన రోజు కంచంలోంచి పోయింది మటన్ కాదు, కార్తీకంలో అది ఎలాగూ లేదు. పోయింది కందిపప్పు, శనగల కూర, దాల్మా. పప్పు, అరటికాయ, గుమ్మడికాయ కలిపి ఉడికించే దాల్మాని తీసేసి ఉప్పు, నూనె ఉన్న నగ్గెట్ పెడితే ఎవరికి లాభం? రోజూ సాసేజ్, బేకన్ తినే ఇంటికి లెక్క వేరు. అలాంటి ప్రాసెస్ చేసిన మాంసం క్యాన్సర్ తెస్తుందని 2015లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ తేల్చింది. మా వీధిలో అలా తినేవాళ్లు నాకు కనిపించలేదు.

మీల్ మేకర్ కూడా ప్రాసెస్ చేసిందే కదా అని మా మరిది వాదిస్తాడు. నిజమే. కానీ నేను కొనే ప్యాకెట్ వెనక ఉన్నది ఒక్కటే పేరు, సోయా పిండి. నగ్గెట్ల వెనక ఉన్న పేర్లు చదవడానికి నాకు కళ్లజోడు కావాలి.

కొనేవాళ్లకి రెండు మాటలు. గోతాల్లో లూజుగా అమ్మే బడి వానాకాలంలో మెత్తబడి ముక్కవాసన వేస్తుంది, సీల్ ప్యాకెట్ తీసుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు సోయాని మాత్రకి దగ్గర్లో తినకూడదు, మందు సరిగ్గా ఒంటపట్టదు. మా అత్తగారు మాత్ర పరగడుపునే వేసుకుంటారు, అందుకే మా ఇంట్లో ఈ కూర ఎప్పుడూ రాత్రి భోజనంలోకే.